‘దివాలా తీసింది’ అని ఎప్పుడు రాయాలి?

ప్రశ్న: వంటనూనెల కంపెనీ రుచి సోయా 2017 డిసెంబరులో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. 2019లో పతంజలి చేతికొచ్చింది, 2022లో పతంజలి ఫుడ్స్‌గా పేరు మారింది. దీన్ని ‘దివాలా తీసింది’ అనొచ్చా? ఆ మాట వినగానే గేటుకు తాళమే గుర్తొస్తుంది కదా.

వ్యాఖ్య: అనకపోతేనే మేలు. ‘ఐపీ పెట్టాడు’, ‘చేతులెత్తేశాడు’, ‘బోర్డు తిప్పేశాడు’ మూడూ వేర్వేరు సంగతులు. ఐపీ అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్: అప్పులు తీర్చలేనని తనంతట తానే కోర్టుకు చెప్పుకోవడం. చేతులెత్తేయడానికి కోర్టుతో పనిలేదు. బోర్డు తిప్పేయడంలో మోసం ఉంది. దివాలా అని ఊరుకుంటే ఈ తేడాలన్నీ కలిసిపోతాయి.

వ్యాఖ్య: ఈ వ్యాపారం లెక్క చూస్తే ఇంకా తెలుస్తుంది. పంట చేతికొచ్చే కొద్ది వారాల్లోనే ఏడాదికి సరిపడా సరుకు కొనాలి, అమ్మకం మాత్రం ఏడాది పొడుగునా. ఈలోగా తిరిగేదంతా స్టాకు మీద తెచ్చిన బ్యాంకు అప్పే. 100 రూపాయల సరుకుకి పాతిక శాతం మార్జిన్ పట్టుకుని 75 ఇచ్చారనుకోండి. ధర పడి సరుకు విలువ 80కి దిగితే పరిమితి 60 అవుతుంది. తేడా 15 కట్టమంటారు. గోదాము నిండా సరుకు, ఖాతాలో చిల్లిగవ్వ ఉండదు. అమ్ముదామంటే పడిన ధరకే అమ్మాలి. పంట తక్కువైన ఏడు మిల్లు సగమే ఆడుతుంది, జీతాలూ వడ్డీలూ పూర్తిగా పడతాయి.

2008లో అమెరికాలో మొక్కజొన్న ఇద్దరిని పడగొట్టింది. ఇథనాల్ కంపెనీ వెరాసన్, ధర ఇంకా పెరుగుతుందనుకుని గరిష్ఠ స్థాయిలో బేరాలు కుదుర్చుకుంది. ధర కూలింది, అక్టోబరులో కోర్టుకెళ్లింది, తర్వాత ఫ్యాక్టరీలు అమ్ముడుపోయాయి. కోళ్ల కంపెనీ పిల్‌గ్రిమ్స్ ప్రైడ్ 2007లో అప్పు చేసి గోల్డ్ కిస్ట్‌ను కొన్నది, మరుసటేడు దాణా ఖర్చు మండిపోయి డిసెంబరులో చాప్టర్ 11కి (కంపెనీ నడుస్తూనే అప్పులు సర్దుకోనిచ్చే అమెరికా దివాలా చట్టం) వెళ్లింది. ఏడాదికల్లా బయటపడింది, కాకపోతే మెజారిటీ వాటా బ్రెజిల్ కంపెనీ జేబీఎస్‌ది. వెరాసన్‌ను దివాలా తీసిందనండి, ఒప్పుకుంటాను. పిల్‌గ్రిమ్స్‌ను అనలేం.

వ్యాఖ్య: మీరంతా కంపెనీ వైపు నుంచే చూస్తున్నారండి. సరుకు తోలి డబ్బు రాని రైతుకి దివాలాయే సరైన మాట. మన 2016 దివాలా చట్టంలో అలా సరుకు డబ్బు రావాల్సినవాడు ‘ఆపరేషనల్ క్రెడిటర్’. కంపెనీని గట్టెక్కించే ప్రణాళిక మీద ఓటు అప్పిచ్చిన సంస్థల కమిటీది, 66 శాతం వస్తే కమిటీ ఆమోదించినట్టే. సరుకు బాకీకి వచ్చేది ఒక్కోసారి సున్నా. ‘ఋణ పునర్వ్యవస్థీకరణ’ అని మనం నాజూగ్గా రాసుకుంటే ఆయనకు ఒరిగేదేముంది?

ప్రశ్న అడిగినవారు: నిజమే. అయితే శీర్షికలో ‘దివాలా పరిష్కార ప్రక్రియ’ అని ఉంచి, లోపల ‘అప్పులు తీర్చలేక కోర్టు గడప ఎక్కిన రుచి సోయా’ అని రాస్తాను. రైతుల బాకీకి వేరే వాక్యం.

వ్యాఖ్య: అది కోర్టు కాదండీ, ఎన్‌సీఎల్‌టీ, అంటే జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్. పైగా గడప ఎక్కింది కంపెనీ కాదు. స్టాండర్డ్ చార్టర్డ్, డీబీఎస్ బ్యాంకులు పిటిషన్ వేసి ఎక్కించాయి.