బిర్గు కోట నడక: తేదీ, స్క్రిప్ట్, భోజనాలు

నడక కోఆర్డినేటర్:
అందరికీ నమస్కారం. సెప్టెంబర్ 8 ఇక్కడ మాల్టాలో విజయ దినం సెలవు కదా అని బిర్గు ఊళ్లో కోట నడక ఆ రోజే పెట్టుకున్నాం. కానీ ఆ రోజు గ్రాండ్ హార్బర్‌లో పడవ పందేలు. ఆ జనంలో చంటిపిల్లలతో బిర్గు సందుల్లో తిరగలేం. అంతకు ముందు వచ్చే ఆదివారం పొద్దున్నే వెళ్దాం. వాలెట్టా నుంచి ఫెర్రీ ఎక్కితే పార్కింగ్ టెన్షన్ ఉండదు.

పిల్లల టీమ్:
డేట్ ఓకే అన్నా. స్క్రిప్టే మార్చాలి. 1565లో ఒట్టోమన్ (టర్కీ) సైన్యం మాల్టాను ముట్టడించిన కథ అది. అందులో అంతా అప్పట్లో మాల్టాను ఏలిన సెయింట్ జాన్ నైట్లు (క్రైస్తవ యోధులు), వాళ్ల పెద్ద గ్రాండ్ మాస్టర్ లా వాలెట్ మాత్రమే ఉన్నారు. అప్పుడు నైట్లు ఐదారు వందల మందే. ఊరిని నిలబెట్టిన బరువులో పెద్ద వాటా మాల్టా మామూలు జనానిది. ఆడవాళ్లు, పిల్లలు గోడల మీదికి రాళ్లు, తిండి, నీళ్లు మోశారు. బిర్గు ఎదుటి ఊరు సెంగ్లియా ఒడ్డున నీళ్లలో పాతిన గుంజలను నరకడానికి ఒట్టోమన్ ఈతగాళ్లు గొడ్డళ్లతో వస్తే, మాల్టా కుర్రాళ్లు కత్తులతో నీళ్లలోకి దూకి తరిమేశారు. మన పిల్లలకు గుర్తుండిపోయేది ఇదే. రేవులో ఆగి సెంగ్లియాను చూపిస్తూ చెబుదాం. సెంగ్లియా నుంచి బిర్గులోని సెయింట్ ఆంజెలో కోట దాకా గొలుసు కట్టి పడవలు రాకుండా ఆపారని కూడా.

తర్వాత ఆగాల్సింది బిర్గు గోడలోని కాస్టీల్ బురుజు దగ్గర. ఆగస్టు 7న అక్కడ గోడ పగిలి, ఊరు పోయినట్టే అనుకున్న వేళ, మాల్టా పాత రాజధాని ఇమ్దీనా నుంచి వచ్చిన మనవైపు గుర్రపు దళం ఒట్టోమన్ శిబిరం మీద పడింది. సిసిలీ నుంచి పెద్ద సైన్యమే దిగిందనుకుని వాళ్లు దాడి ఆపి వెనక్కి తగ్గారు. ఇక్కడ మాత్రం తొందరపడకుండా చెప్పాలి.

ఏడాది గుర్తుండాలంటే, మన తళ్ళికోట యుద్ధం కూడా 1565లోనే అని చెబితే చాలు.

ఒక సభ్యురాలు:
మా పాప క్లాస్‌లోని టర్కీ అమ్మాయి కూడా వస్తానంటోంది. 'శత్రువులు' అని రాసిన చోటల్లా 'ఒట్టోమన్ సైన్యం' అని మార్చండమ్మా. ఆ ఎండల్లో, జబ్బులతో వాళ్లూ వేలల్లో పోయారు. అదీ చెప్పాలి.

పిల్లల టీమ్:
తప్పకుండా అక్కా. ఈ రాత్రికే మారుస్తాను.

భోజనాల టీమ్:
పులిహోర, పెరుగన్నం మేం చూసుకుంటాం. మజ్జిగ ఎక్కువే తెస్తాం, సెప్టెంబర్ ఎండ తక్కువేం కాదు. శనివారం సాయంత్రం ప్యాకింగ్‌కి ఇంకో నలుగురు కావాలి.

నడక కోఆర్డినేటర్:
నేనూ, మా తమ్ముడూ వస్తాం. ఇంకో ఇద్దరు చెప్పండి. లా వాలెట్ కత్తి, టోపీ బిర్గులోని సెయింట్ జోసెఫ్ ఒరేటరీలో (చిన్న ప్రార్థనా మందిరం) ఉన్నాయి. ఆదివారం ఏ వేళ తెరుస్తారో ఈ వారమే వెళ్లి కనుక్కొస్తాను.