పర్లాకిమిడిలో ఉండి ఆన్‌లైన్ డిగ్రీ చదవొచ్చా?

పర్లాకిమిడి_పిల్ల:
నాన్న కొట్లో లెక్కలు నేనే చూస్తాను, బరంపురం వెళ్లి హాస్టల్లో ఉండటం కుదరదు. ఆన్‌లైన్‌లో బీకాం చేద్దామంటే ఇంట్లో "ఫోన్ చూస్తే డిగ్రీ ఇచ్చేస్తారా" అంటున్నారు. చేసినవాళ్లు చెప్పండి, రోజూ క్లాసులుంటాయా? డిగ్రీ చెల్లుతుందా?

రాయగడ_అన్న:
చెల్లుతుందమ్మా. యూజీసీ 2020 నిబంధనల ప్రకారం, అనుమతి ఉన్న యూనివర్సిటీ ఇచ్చే ఆన్‌లైన్ డిగ్రీ రెగ్యులర్‌తో సమానమే. కానీ డబ్బు కట్టే ముందు యూజీసీ దూరవిద్య విభాగం సైట్‌లో యూనివర్సిటీ పేరే కాదు, నీ కోర్సు, ఈ సెషన్ కూడా ఉన్నాయో లేదో నువ్వే చూడు. నేను ఏజెంట్ మాట నమ్మి 4,000 పోగొట్టుకున్నా, ఆ కథ వద్దులే. చేరడానికి డెబ్ ఐడీ (ఆ దూరవిద్య విభాగం సైట్‌లో తీసుకునే నంబర్) కావాలి, దానికి ముందు ఏబీసీ ఐడీ (నీ చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబర్). ఆధార్‌లో ఒక పేరు, టెన్త్ సర్టిఫికెట్‌లో ఇంకో పేరు ఉంటే అక్కడే తిప్పలు. మన తెలుగు ఇంటిపేర్లు ఇక్కడ ఒడిశాలో, ఒడియా బడుల్లో ఎలా రాస్తారో తెలుసుగా!

గుణుపురం_కోడలు:
నేను ఎంఏ రెండో ఏడు. మాకు రికార్డు పాఠాలే ఎక్కువ, లైవ్ క్లాసులు శని, ఆదివారాలు. పాప పడుకున్నాక చూద్దాంలే అని వదిలేస్తే మొదటి సెమిస్టర్‌లో 23 వీడియోలు పోగుపడ్డాయి. అసైన్‌మెంట్లకు 30 మార్కులు, చివరి పరీక్షకు 70. ఆఖరి రోజు దాకా ఆగకు. ఆరోజు వాన, కరెంటు లేదు, మేడ మీద గొడుగు పట్టుకుని అప్‌లోడ్ చేస్తుంటే 96 శాతం దగ్గర ఆగిపోయింది, ఏడుపొకటే తక్కువ.

పర్లాకిమిడి_పిల్ల:
అమ్మో అక్కా! ఆధార్‌లో నా ఇంటిపేరే లేదు. ముందు ఆ పని చూస్తా.