ఈ వారం సమస్య (పద్యంగా పూరించాల్సిన పాదం): "రైలు తప్పినపుడె రంజు గలిగె"

కర్నూలన్న:
ఆటవెలది నాలుగో పాదం ఇచ్చినా, మిగతా మూడూ మీవి. కొత్తోళ్ళ కోసం మళ్ళీ చెప్తున్నా, గణమంటే గురు లఘువుల గుంపు, 1, 3 పాదాల్లో 3 సూర్యగణాలు 2 ఇంద్రగణాలు, 2, 4 పాదాల్లో అయిదూ సూర్యగణాలే, నాలుగో గణం మొదటక్షరానికి యతి, అంటే అది పాదం మొదటక్షరంతో శబ్దంలో కలవాల, ప్రాస (పాదాల రెండో అక్షరాలు కలవడం) పట్టింపు లేదు. వేమన సమాధి ఉండే కటారుపల్లె మన కదిరి పక్కనే, ఆటవెలది రాదంటే ఎట్లప్పా. రైలు తప్పితే సంతోషమేంది అనేది పద్యంలోనే తేలాల.

అనంతపురం అక్క:
ఇది నిజంగా జరిగిందే. స్టేషన్ మెట్ల మీద బిడ్డ చెప్పు ఊడి, అది తొడిగేలోపు బండి కదిలిపాయె, నేనేమో ఏడుపు మొహం, అదేమో ఆకలి అని ఒకటే గోల.

గుంతకల్లులోన కూతురితో గూడి
బల్ల మీద చేరి పంచుకొంటి
నుల్లిముక్క నంజి యుగ్గాని బజ్జీలు
రైలు తప్పినపుడె రంజు గలిగె

పొద్దుటూరు మామ:
మూడో పాదం చదవంగానే నానిన బొరుగుల్లో పప్పుల పొడి కలిపిన వాసనొచ్చె అక్కా. కానీ మన పక్క ఉల్లి అనేదెవరు, ఎర్రగడ్డ కదా?

అనంతపురం అక్క:
ఫస్ట్ ఎర్రగడ్డే రాసుకున్నా మామా, 'ఎ'కి 'యు' యతి కుదర్లే. ఉగ్గానిని వదిలేదానికి మనసొప్పక ఎర్రగడ్డనే వదిలేసినా.

కర్నూలన్న:
మంచి పని. తిన్నాం అనకుండా "పంచుకొంటి" అన్నావు చూడు, పద్యం నిలబడింది అక్కడే.

పొద్దుటూరు మామ:
నా పూరణలో స్టేషనే లేదు, ఇంట్లో జరిగింది.

పలక మీద రాసె పాపాయి 'రాయిలు'
అచ్చు తప్పటంచు నవ్వ నవ్వె
దిద్దబోయి నేను తికమక పడి మళ్ళి
రైలు తప్పినపుడె రంజు గలిగె

కర్నూలన్న:
అబ్బా, 'ఐ' అనే అచ్చు తప్పితే "అచ్చు తప్పు" అనడం భలే ఉంది మామా, రైలును మాటగా మార్చేసినావు. "మళ్ళీ"ని "మళ్ళి" అని కుదించడమే నచ్చలే. "తికమక పడిపోయి" అనొచ్చు కదా, గణం సరిపోతుంది.

పొద్దుటూరు మామ:
సరిపోతుంది గానీ రెండోసారి నేనూ తప్పిన సంగతి పోతుంది, మా అవ్వ పగలబడి నవ్వింది దానికే. ఉండనీ.

కడప కుర్రోడు:
నా మొదటి పద్యం, తిట్టొద్దండన్నా.

గండికోట చూడ బయలుదేరితిమయ్య
బస్సులోన పాట పాడుకొనుచు
పెన్న లోయ మీద వెన్నెల కాయంగ
రైలు తప్పినపుడె రంజు గలిగె

కర్నూలన్న:
మూడో పాదం చాలా బాగుంది, పె-వె యతి చక్కగా పడింది. మొదటి పాదంలో 'గం'కి 'బ' చెల్లదు, "గండికోట చూడ కడపనుండి కదలి" అను. ఇంకోటి, బస్సులో పాడుకుంటా పోతే రైలు ఎక్కడ తప్పింది తమ్ముడూ?

కడప కుర్రోడు:
ముద్దనూరు దాకా రైల్లో పోయి ఆడ్నుంచి జమ్మలమడుగు మీదుగా పోదామనుకున్నామన్నా, పొద్దున బండి దాటిపోతే బస్సెక్కి, చేరేసరికి రాత్రయింది, అందుకే వెన్నెల కనిపించింది. అదంతా పద్యంలో పట్టలే.

పొద్దుటూరు మామ:
పడుతుంది, రెండో పాదం "ముద్దనూరి బండి ముందె పోవ" అని మార్చు.

కడప కుర్రోడు:
అప్పుడు బస్సులో పాట పోతుంది కదా మామా. పాడింది మా చెల్లెలు, తీసేసినానని తెలిస్తే ఇంట్లో నాకు అన్నం పెట్టదు.

కర్నూలన్న:
ఆ పాపనే ఇంకో పూరణ రాయమను, ఆదివారం దాకా టైముంది.