మామిడి తొక్క పొడిని ఆరోగ్య పదార్థంగా అమ్మవచ్చా?

తోటబాట:
చిత్తూరు, తిరుపతి జిల్లాల గుజ్జు ఫ్యాక్టరీలలో తోతాపురి మామిడి నుండి గుజ్జు తీశాక మిగిలే తొక్క, టెంక చాలావరకు పశువుల మేతకో, చెత్తకుప్పకో చేరుతున్నాయి. పండు బరువులో తొక్కే 15 నుండి 20 శాతం ఉంటుంది. మాంగిఫెరిన్ వంటి పాలీఫినాల్స్ (ఆక్సీకరణను అడ్డుకునే మొక్కల పదార్థాలు), పీచు గుజ్జులో కంటే అందులోనే ఎక్కువ. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు తొక్క పొడిని బిస్కెట్ల పిండిలో 10 శాతం వరకు కలిపినా రుచి చెడదని 2008లోనే చూపించారు. 2025లో ధర పడిపోయి, కిలో తోతాపురికి ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు ఇవ్వాలని నిర్ణయించవలసి వచ్చిన పరిస్థితి చూశాక, ఈ పొడిని ఆరోగ్య పదార్థంగా అమ్మి, ఆ ఆదాయంలో రైతుకూ వాటా ఇవ్వాలని నాకు గట్టిగా అనిపిస్తోంది. కాదనేవారు కారణాలతో రాయగలరు.

పోషణ:
తోటబాట గారూ, పీచు విషయంలో మీతో నాకు పేచీ లేదు. నా అభ్యంతరం ‘ఆరోగ్య’ అన్న మాట మీదనే. పరీక్షనాళికలో ఆక్సీకరణను అడ్డుకున్న పదార్థం మనిషి ఒంట్లోనూ అదే పని చేస్తుందని చెప్పలేము. మాంగిఫెరిన్ అయితే పేగుల నుండి రక్తంలోకి చేరేదే బహు తక్కువ. అమెరికా వ్యవసాయ శాఖ ఆహారాల యాంటీఆక్సిడెంట్ శక్తిని చూపే పట్టికను ప్రచురించి, ఆ అంకెలకు శరీరంలో జరిగేదానితో సంబంధం లేదని, వ్యాపారులు వాటిని ప్రకటనలకు వాడుకుంటున్నారని 2012లో తొలగించింది. పైగా, కాయ మీద కొట్టిన మందు నిలిచేది తొక్క మీదనే. ఆరబెడితే నీరు పోయి, మిగిలిన అవశేషం పొడిలో చిక్కబడుతుంది. సొన తగిలితే మూతి పొక్కేవారికి తొక్క కూడా పడకపోవచ్చు. ఆ హెచ్చరిక పొట్లం మీద ఎవరు వేస్తారు?

బంగారుపాళెం రైతు:
మీరిద్దరూ తడి సంగతి వదిలేశారు. మా ఆవుల కోసం ఫ్యాక్టరీ నుండి తొక్క తెస్తాము. మర్నాటికి పులిసిపోయి, అవి మూతి కూడా పెట్టవు. మనుషులు తినే పొడి కావాలంటే తొక్క వచ్చిన పూటే కడిగి, యంత్రంలో ఆరబెట్టాలి. ఏడాదిలో రెండు మూడు నెలలు మాత్రమే నడిచే ఆ యంత్రానికి పెట్టుబడి ఎవరు పెడతారు? నన్నడిగితే టెంక లోపలి పప్పు, అంటే మామిడి జీడి మేలు. దాని కొవ్వు కోకో వెన్నకు దగ్గరగా ఉంటుంది కనుకనే, చాక్లెట్‌లో 5 శాతం మించకుండా కలపడానికి ఐరోపా సమాఖ్య 2000లో అనుమతించిన ఆరు కొవ్వులలో అదీ ఒకటి. అయితే జీడినీ జాగ్రత్తగా నిల్వ చేయాలి. 2001లో ఒడిశాలోని కాశీపురంలో జీడి అంబలి తాగిన ఆదివాసులు మరణించినప్పుడు, అవి ఆకలి చావులా, బూజు పట్టిన జీడి వల్ల జరిగినవా అని పెద్ద వివాదమే నడిచింది.

తోటబాట:
రైతు గారు చెప్పిన ఆరబెట్టే ఖర్చును నేను లెక్కలోకి తీసుకోలేదు, ఒప్పుకుంటున్నాను. పోషణ గారు అడిగే రుజువు మాత్రం ఒక పదార్థానికి ఉంది. పండ్లలో ఉండే ఒక రకం పీచు అయిన పెక్టిన్‌ను రోజుకు 6 గ్రాములు తీసుకుంటే రక్తంలో కొలెస్ట్రాల్ అదుపులో ఉండడానికి తోడ్పడుతుందని రాసుకోవడానికి ఐరోపా సమాఖ్య అనుమతిస్తోంది. మామిడి తొక్కలో పెక్టిన్ దండిగా ఉంది కదా!

పోషణ:
ఉంది, కానీ లెక్క వేసి చూడండి. ఎండు తొక్కలో పెక్టిన్ 15 శాతం ఉందనుకున్నా, 6 గ్రాములకు 40 గ్రాముల పొడి కావాలి. 10 శాతం పొడి కలిపిన బిస్కెట్లయితే రోజుకు కనీసం 400 గ్రాములు తినాలి, వాటిలోని చక్కెరతోనూ కొవ్వుతోనూ సహా. పెక్టిన్‌ను విడదీసి అమ్మితే నేను అడ్డు చెప్పను. పొడినే అమ్మదలిస్తే ‘పీచు ఇంత శాతం’ అని మాత్రం రాసి, ప్రతి విడతకూ మందుల అవశేషాల పరీక్ష చేయించి, ఫలితాన్ని పొట్లం మీద ముద్రించండి.