మార్చిలో కాకినాడ తీరంలో వలస పక్షులు ఇంకా ఉంటాయా?

మార్చి మూడో వారం కాకినాడ అత్తగారింటికి వస్తున్నామండి, రెండు పొద్దుటిపూటలు పక్షుల కోసమని ఉంచుకున్నా. నేను చూసిందంతా చెరువుల దగ్గరే. సముద్రం పక్కన ఒక్కసారే వెళ్ళా, ఆరింటికే లేచి పోతే నీళ్ళు ఎక్కడో దూరంగా ఉన్నాయి, పిట్టలు చీమల్లా కనిపించాయి, ఒక్కటీ గుర్తుపట్టలేక వచ్చేశా. కుంభాభిషేకం రేవు దగ్గర బురదలో బాగా వాలతాయని విన్నా, మా ఫ్రెండ్స్ ఏమో మార్చికి అన్నీ వెళ్ళిపోతాయి అంటున్నారు. నిజమేనా? 8 ఇంటూ 42 బైనాక్యులర్ ఉంది, స్టాండు మీద పెట్టి చూసే స్కోప్ లేదు.

జవాబు 1
తప్పకుండా రండి, నాకైతే జనవరి కన్నా మార్చే ఇష్టం. చలికాలంలో ఈ చిన్న ఉల్లంకులన్నీ, అదే బురదలో పొడుచుకు తినే పిట్టలన్నీ, ఒకటే బూడిద రంగు, ఏది ఏదో తెలిసి చావదు. ఇప్పుడు వెళ్ళబోయే ముందు రంగు తిరుగుతాయి. కర్లూ శాండ్‌పైపర్ అనే ఉల్లంకికి పొట్ట మీద ముందు ఎర్ర మచ్చలు పడి, ఆ తర్వాత మొత్తం ఇటుక రంగుకి వచ్చేస్తుంది. శాండ్ ప్లోవర్ అనే చిన్న పిట్టకి రొమ్ము మీద నారింజ పట్టీ, బ్రౌన్ హెడెడ్ గల్ అనే సముద్రపు పక్షికి తలంతా చాక్లెట్ రంగు. పోయినేడు ఓ కర్లూ శాండ్‌పైపర్ నాకు పది అడుగుల్లో, ముక్కు మొత్తం బురదలో దించి కుట్టుమిషన్ సూదిలా పొడుస్తూనే ఉంది, పీకిన పురుగుని నీళ్ళల్లో ఓసారి ఆడించి మింగేసి మళ్ళీ పొడవడం, నా వంక చూసిందే లేదు. సైబీరియా పైన ఆర్కిటిక్ దాకా ఎగరాలి కదండీ, ఇప్పుడు వాటికి కొవ్వు పట్టించుకోవడమే పని.

జవాబు 2
మీరు గడియారం చూసి వెళ్ళారండి, సముద్రం పోటు చూసి వెళ్ళాలి. పాటులో నీళ్ళు వెనక్కి పోతే పిట్టలూ నీటి అంచు వెంట పోతాయి, మీకు జరిగింది అదే. పోటు ఎక్కేకొద్దీ బురద తగ్గి అవే ఒడ్డుకి వచ్చి గుంపుగా నిలబడతాయి. నిండు పోటుకి గంటన్నర ముందే వెళ్ళి ఎండ వీపున పడేలా కదలకుండా కూర్చోండి, స్కోప్ అక్కర్లేదు. ఫోన్‌లో టైడ్ టైం చూసుకోండి, రోజుకి సుమారు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. పౌర్ణమి అమావాస్యలకి పోటు పెద్దది, ఇంకా దగ్గరికొస్తాయి. బురదలోకి మాత్రం దిగొద్దు, పైకి గట్టిగానే ఉంటుంది, కాలేస్తే మోకాలి దాకా దిగబడుతుంది.

జవాబు 3
రెండో రోజు కోరింగ పెట్టుకోండి. మడ అడవిలో చెక్క వంతెన మీద నడుస్తూ కింద బురదలో గెంతే చేపల్నీ పీతల్నీ చూడొచ్చు, లకుముకి పిట్టలు, గరుడ పక్షి ఎలాగూ ఉంటాయి. బ్లాక్ క్యాప్డ్ లకుముకి కోసం ఉప్పుటేరు మీదకి వంగిన కొమ్మలు చూడండి, ఊదా నీలం వీపు, ఎర్ర ముక్కు.

ఒక్క మాట. ఎండలు మొదలయ్యాక తీతువులు నేల మీదే గుడ్లు పెడతాయి, పక్కనే నించున్నా కనపడవు, మట్టి రంగులో కలిసిపోతాయి. పిట్ట మీ తల మీద అరుస్తూ తిరుగుతోందంటే గుడ్లో పిల్లలో దగ్గర్లో ఉన్నట్టే, ఫోటో కోసం ఆగకండి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేయండి. ఈ ఎండకి తల్లి ఎక్కువసేపు లేస్తే గుడ్లు పాడైపోవచ్చు.

అడిగినవారు
చాలా థ్యాంక్సండి అందరికీ. టైడ్ చూశా, మొదటి రోజు నిండు పోటు ఎనిమిదిన్నరకి. ఆరున్నరకల్లా అక్కడుంటా, మా మావయ్యగారు కూడా వస్తానన్నారు.