మార్కు 9:24లోని ‘అపనమ్మకముండకుండ’ అన్న మాట గురించి

సభ్యులందరికీ వందనములు. మాది దేవరకొండ దగ్గరి పల్లె. పోయిన శుక్రవారం ఉపవాస ప్రార్థనలో, కొడుక్కి డయాలసిస్ చేయిస్తున్న ఒక పెద్దమ్మ మోకాళ్ల మీద ఉండి, “నమ్ముతున్న యేసయ్యా, అయినా నా మనసు నమ్ముతలేదు, నువ్వే సూసుకో” అని ప్రార్థించింది. కూడిక ముగిశాక పక్కనున్న యువకుడొకరు యాకోబు పత్రిక 1:6 తీసి, “ఏమాత్రమును సందేహింపక విశ్వాసముతో అడుగవలెను” అన్న మాట కింద వేలు పెట్టి చూపించి, అట్లా అడిగితే ఏమీ దొరకదని ఆమెతో అన్నాడు. ఆమె మారుమాట్లాడక కొంగు సర్దుకొని వెళ్లిపోయింది. నాకు అప్పుడే మార్కు 9:24 గుర్తుకొచ్చినా నోరు పెగల్లేదు. “నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము” అని, దయ్యం పట్టిన కొడుకును యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి అన్న మాటకూ మా పెద్దమ్మ మాటకూ తేడా ఉన్నదా? అపనమ్మకము, సందేహము అన్నవి ఒకటేనా? తెలిసినవారు వివరించగలరు.

మహబూబ్‌నగర్ నుంచి ఒక సభ్యుని జవాబు:

తమ్ముడూ, మంచి ప్రశ్న. ముందుగా మన అనువాదకులను మెచ్చుకోవాలి. గ్రీకులో ఆ తండ్రి వాడిన క్రియ ‘పిస్తెవో’, ఆ వెంటనే వచ్చే నామవాచకం ‘అపిస్తియా’. రెండూ ఒకే ధాతువు నుంచి పుట్టినవి. తెలుగులో కూడా ‘నమ్ముచున్నాను’, ‘అపనమ్మకము’ అని ఒకే వేరు నిలిచింది. అచ్చ తెలుగు మాటకు ‘అప’ అనే సంస్కృత ఉపసర్గను తగిలించడం పండితులకు నచ్చకపోవచ్చు గాని, అక్కడ ‘అవిశ్వాసము’ అని ఉంటే ఈనాటి చదువరికి మున్సిపల్ చైర్మన్ మీద పెట్టే తీర్మానమే ముందు గుర్తుకు వస్తుంది.

చర్చంతా ‘ఉండకుండ’ దగ్గరే ఉన్నది. గ్రీకులో ఆ మాటకు సరిపడే క్రియ లేదు. ఉన్నదున్నట్టు చెబితే “నా అపనమ్మకమునకు సహాయము చేయుము” అని వస్తుంది. జ్వరం రాకుండా మందియ్యమని అడగడం వేరు, జ్వరానికి మందియ్యమని అడగడం వేరు కదా. ఈ తండ్రి జ్వరం ఒంట్లో ఉండగానే వచ్చి అడుగుతున్నాడు. ‘ఉండకుండ’ అంటే పోయేటట్టు అనే అర్థం కూడా చెప్పుకోవచ్చు గనుక అనువాదం తప్పని నేను అనను, కాని తొందరగా చదివేవారికి అతనిలో అపనమ్మకం అప్పటికే ఉన్నదన్న సంగతి జారిపోతుంది. ఇంకొకటి చూడండి. 22వ వచనంలో బిడ్డ కోసం “మాకు సహాయము చేయుము” అన్నవాడే 24లో తన అపనమ్మకం కోసం అదే క్రియతో అడుగుతున్నాడు. అంటే బిడ్డను తెచ్చి పెట్టిన చోటనే తన అపనమ్మకాన్ని కూడా రెండో రోగిలా తెచ్చి పెట్టాడు. గ్రీకులో మొదటిసారి ఒక్కమారు చేయమనే రూపం ఉంటే, రెండోసారి చేస్తూనే ఉండమనే రూపం ఉన్నది. ఈ తేడా తెలుగు విధి రూపంలో కనిపించదు.

ఇక యాకోబు మాట. అక్కడి గ్రీకు క్రియ ‘దియక్రినో’, లోలోపల రెండుగా చీలడం. నీళ్లలో మునుగుతున్న పేతురుతో ప్రభువు “యెందుకు సందేహపడితివి” అన్నప్పటి క్రియ వేరు. తెలుగులో రెండింటికీ సందేహమే వచ్చింది. యాకోబు ఎవరి గురించి అంటున్నాడో 7, 8 వచనాల్లో తానే చెప్పాడు: ‘ద్విమనస్కుడు’. ఆ మాటనే 4:8లో మళ్లీ వాడి, హృదయములను పరిశుద్ధపరచుకొనుడని హెచ్చరించాడు. దేవుని దగ్గర ఒక కాలు, లోకం దగ్గర ఒక కాలు పెట్టినవారికి చెప్పిన మాటను, వేరే దిక్కు లేక ఏడ్చిన తల్లి మీద మోపడం వాక్యాన్ని సరిగా విభజించడం కాదని నా అభిప్రాయం.

నల్లగొండ నుంచి ఒక సభ్యురాలు:

అన్నగారూ, మీ వివరణ బాగున్నది కాని, ఇట్లా చెబుతూ పోతే సందేహానికే సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదా? “పొందియున్నామని నమ్ముడి” అని మార్కు 11:24లోనే ఉన్నది కదా. నాకు తోచింది ఒకటి చెబుతాను. మన వైపు ఎవరైనా విశ్వాసంలోకి వస్తే “యేసయ్యను నమ్ముకున్నరు” అంటాం గాని “నమ్మిండ్రు” అని ఊరుకోం. మా నాయన “వానను నమ్ముకొని పత్తి గింజలు పెట్టినం” అనేవాడు. వాన తప్పక వస్తుందని ఆయనకు తెలుసునా? మిరుగం (మృగశిర కార్తె) దాటిన నాటి నుంచి పొద్దున లేవగానే వాకిట్లో నిలబడి మొగులు వైపు చూసేవాడు, రాత్రి నిద్ర పట్టేది కాదు. అయినా గింజలు మాత్రం ఇంట్లో లేవు, భూమిలో ఉన్నాయి. కీర్తనలు 37:5లో “నీవు ఆయనను నమ్ముకొనుము” అని మన బైబిలు ఈ క్రియనే వాడింది. ఆ పెద్దమ్మ మనసు నమ్మకపోయినా ఆమె నమ్ముకున్నదనే నాకు అనిపిస్తుంది.

మహబూబ్‌నగర్ సభ్యుడు:

చెల్లెమ్మా, ‘నమ్ముకొను’ నాకు తట్టనే లేదు. అదే వచనంలో “అప్పగింపుము” అన్నచోట హీబ్రూ మాటకు అసలు అర్థం దొర్లించడం. మోయలేని గుండును అవతలికి దొర్లించినట్టు. సర్టిఫికెట్ సంగతికి వస్తే, ధైర్యంగా ప్రార్థించాలన్న మాటను నేను తీసివేయడం లేదు. “ధైర్యముతో కృపాసనమునొద్దకు చేరుదము” అన్న హెబ్రీయులకు 4:16లోనూ, 1 యోహాను 5:14లోనూ ధైర్యమని వచ్చిన గ్రీకు మాట ‘పర్రేసియా’. దాని పుట్టుకను బట్టి అంతా చెప్పివేయడం, దాపరికం లేకుండా మాట్లాడడం అని అర్థం. గొంతు పెంచి, జరిగిపోయిందని ప్రకటించడమే ధైర్యమని ఈ మధ్య అనుకుంటున్నాం గాని, నా మనసు నమ్మడం లేదని ఆయనకే చెప్పుకోవడానికి అంతకన్నా ధైర్యం కావాలి.

దేవరకొండ సభ్యుడు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. నిన్న సాయంత్రం ఆ పెద్దమ్మ ఇంటికి వెళ్లి మార్కు 9వ అధ్యాయం 14 నుంచి 27 వరకు చదివి వినిపించాను. “వాడు చనిపోయెననిరి” అన్నచోట ఆమె చెయ్యి అడ్డం పెట్టి ఆపింది. కాసేపటికి తానే చదవమన్నది. “యేసు వాని చెయ్యి పట్టి” అన్న వచనం రెండుసార్లు చదివించుకొని, తరువాత వెనక్కి పోయి ఒక ప్రశ్న అడిగింది: “గా తండ్రి బిగ్గరగా చెప్పిండని ఉన్నది గదా బిడ్డా, నేను మెల్లగ అన్న. ఇన్నడంటవా?” విన్నాడని చెప్పి వచ్చాను. ‘బిగ్గరగా’ అన్నచోట గ్రీకులో ఏ మాట ఉన్నదో అన్నగారు వివరిస్తే, మంగళవారం డయాలసిస్‌కు బయలుదేరే లోపు ఆమెకు చెప్పి పంపుతాను.