గర్భసంచి జారితే తీసేయడమేనా, పైకి కుట్టించుకోవచ్చా?

గోదారిగట్టు:
మా అత్తగారికి 54. గర్భసంచి జారి బయటికి వచ్చేసింది, చీర ఒరుసుకుని పుండు కూడా పడింది. టౌన్‌లో చూపిస్తే డాక్టరమ్మ "పిల్లలైపోయారుగా, తీసేద్దాం" అన్నారు, అంతే, ఇంకో మాట లేదు. తీయకుండా పైకి కుట్టే పద్ధతి ఉందని విన్నాను. ఈ వయసులో దాన్ని ఉంచుకుని ఏం లాభం అంటారు మా ఆయన. మీరేమంటారు?

పల్నాటి కోడలు:
తీయించేయండి. మా అమ్మకి కింద నుంచే తీశారు, పొట్ట మీద కోత కూడా లేదు. ముందు ఒకరు సంచి జారకుండా లోపల ఆసరాగా రింగు పెడతామన్నారు గానీ దాన్ని కొన్ని నెలలకోసారి తీసి కడగాలి, ఆ ఊళ్లో బస్సెక్కి ఎవరు తిప్పుతారండీ? పైగా సంచి ఉంటే రేపు క్యాన్సర్ అని టెన్షన్.

ఓటీ నర్సు:
సంచి తనంతట తాను జారదండీ. కాన్పులు, బరువులు, ఏళ్ల తరబడి దగ్గు, మలబద్ధకం, ముట్లు ఆగడం, వీటితో దాన్ని తాళ్లలా పట్టుకుని ఉండే లిగమెంట్లు, కండరాలు సాగిపోతాయి. గుంజ వదులై పందిరి వాలితే సొరకాయ కోసేసి ఏం ప్రయోజనం? సంచి తీసేసి యోని పైభాగాన్ని గట్టి లిగమెంటుకి కుట్టకుండా వదిలేస్తే కొన్నాళ్లకి ఆ పైభాగమే దిగుతుంది, రెండో ఆపరేషన్‌కి వచ్చేవాళ్లని చూస్తూనే ఉన్నాం. నెదర్లాండ్స్‌లో రెండు పద్ధతులనీ పోల్చి 5 ఏళ్ల ఫలితాలు 2019లో ఇచ్చారు, సంచి ఉంచి వెనక లిగమెంటుకి కుట్టించుకున్నవాళ్లు ఏమీ తీసిపోలేదు. మనకీ కొత్తేం కాదు, పిల్లలు కావాల్సిన అమ్మాయిల కోసం బొంబాయిలో డాక్టర్లు శిరోద్కర్, పురందరే గార్లు ఇలా ఉంచి కుట్టడం ఎప్పుడో చేశారు. ముట్లు ఆగాక రక్తం కనిపించినా, పాప్ టెస్టులో (గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్ష) తేడా ఉన్నా మాత్రం ఉంచమని నేనూ అనను. ఏది చేసినా ముందు పుండు మానాలి.

సందేహాల్రావు:
2015-16 జాతీయ సర్వేలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీసేసినవాళ్లు దేశం మొత్తం మీద 3 శాతం పైచిలుకు, ఆంధ్రలో 9 శాతానికి దగ్గర. తీసేద్దాం అన్న మాట మనవాళ్లకి అంత తేలిగ్గా వస్తోంది.

పల్నాటి కోడలు:
అన్నగారూ, నడుంనొప్పికి, తెల్లబట్టకి ముప్పై ఏళ్లకే తీసేసే దందా వేరు, 54 ఏళ్లకి బయటికి వచ్చినదాన్ని తీయడం వేరు. రెండూ కలపకండి.

డల్లాస్ వదిన:
ఏది చేయించినా మెష్ (లోపల ఆసరాగా కుట్టే ప్లాస్టిక్ వల) మాత్రం వద్దనండి. ఇక్కడ కోర్టుల్లో వేల కేసులు పడ్డాయి, 2019 ఏప్రిల్‌లో ఇక్కడి మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అమ్మకాలే ఆపించింది.

ఓటీ నర్సు:
వదినా, ఆపింది జారుడుకి యోని గుండా పెట్టే మెష్. పొట్ట వైపు నుంచి పెట్టేదీ, దగ్గితే మూత్రం పడేవాళ్లకి మూత్రనాళం కింద వేసే సన్న మెష్ టేపూ ఆ ఆదేశంలో లేవు. అయితే ఇంగ్లండ్‌లో 2018లో టేపుల్నీ నిలిపేశారు, కాబట్టి భయం ఊరికే పుట్టింది కాదు. గోదారిగట్టు గారూ, మీ అత్తగారికి దగ్గితే, తుమ్మితే మూత్రం పడుతుందా?

గోదారిగట్టు:
పడటం కాదండీ, అసలు సరిగ్గా రాదు. వేళ్లతో పైకి నెట్టుకుంటే గానీ ధార రాదట, నాకే మొన్న చెప్పారు, మా ఆయనకి ఇప్పటికీ తెలీదు.

ఓటీ నర్సు:
అయితే ఇది డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. జారిన భాగం వల్ల నాళం మడతపడి ఉంటుంది. పైకి కట్టగానే మడత పోయి, కొందరికి అప్పటిదాకా లేని మూత్రం పడటం మొదలవుతుంది, ఆపరేషన్ చెడగొట్టారని మా మీదికి గొడవకొస్తారు. మూత్రం నిండుగా ఉన్నప్పుడు జారినదాన్ని పైకి నెట్టిపట్టి దగ్గించి చూస్తే ముందే కొంత తెలుస్తుంది. అలా చూశారా?

గోదారిగట్టు:
లేదు. మంచమ్మీద పడుకోబెట్టి చూశారు, అంతే.

పల్నాటి కోడలు:
అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పైకి కుట్టేవాళ్లు మా జిల్లాలో ఎవరున్నారో చెప్పండి ముందు. ఉన్నదే ఒక్క డాక్టరమ్మ, ఆవిడకి తీయడమే వచ్చు.

ఓటీ నర్సు:
నిజమేనమ్మా, అందరికీ రాదు. తీయించుకున్నా సరే, "యోని పైభాగాన్ని ఏ లిగమెంటుకి కుడతారు" అని అడగండి. తడుముకుంటే మెడికల్ కాలేజీ ఆసుపత్రికి తీసుకెళ్లండి.